రీఫ్ గుహల్లో స్కూబా డైవింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

గుహలో డైవింగ్‌కీ మామూలు రీఫ్ డైవింగ్‌కీ తేడా ఏంటి, రెండూ ఆ సముద్రమే కదా?

సముద్రం అదే, తల మీద ఏముందన్నదే తేడా. రీఫ్ మీద, అంటే పగడపు దిబ్బ మీద, ఓ 15 మీటర్ల లోతులో ఉన్నప్పుడు మాస్క్ లీకైనా, గాలి తగ్గిపోయినా, ఊరికే భయం వేసినా సరే, నిదానంగా పైకి వచ్చేయడం అనే ఆఖరి దారి ఎప్పుడూ ఉంటుంది. గుహలో ఆ దారి ఉండదు, పైన రాయి ఉంటుంది. వచ్చిన దారినే వెనక్కి ఈదాలి, బయటపడాలి, ఆ తర్వాతే పైకి రావడం. కింద గాలి లెక్క, తాడు, లైట్లు అని ఏది చెప్పినా దీంట్లోంచి వచ్చినవే, కాబట్టి రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు, "ఇప్పుడు నేను నేరుగా పైకి వెళ్లలేను" అన్నది గుర్తుంటే చాలు, మిగతా రూల్స్ ఎందుకు పెట్టారో వాటంతట అవే అర్థమవుతాయి.

కేవర్న్, కేవ్, స్విమ్ త్రూ అని రకరకాలుగా అంటారు, ఏది ఏంటి?

స్విమ్ త్రూ అంటే రీఫ్‌లో అటు నుంచి ఇటుకి సొరంగంలా ఉండే చిన్న దారి, ఈ చివర నిలబడితే ఆ చివర వెలుగు కనిపించాలి, ఇద్దరు పక్కపక్కన పట్టాలి. కేవర్న్ అంటే గుహ ముఖద్వారం దగ్గర హాలు లాంటి భాగం, పగటి వెలుగు కనిపించినంత మేరే. డైవింగ్ శిక్షణ ఇచ్చే సంస్థ ప్యాడీ వాళ్ల కేవర్న్ కోర్సులో అయితే లోతూ, లోపలికి వెళ్లిన దూరమూ రెండూ కలిపి నీటి ఉపరితలం నుంచి 40 మీటర్లు దాటకూడదు అని కూడా లెక్క ఉంది. వెలుగు కనపడటం ఆగిపోయిన చోట నుంచి కేవ్ మొదలు, అదంతా వేరే శిక్షణ, వేరే గేరు (డైవింగ్ సామాను), వేరే ప్రపంచం. ఇంకో సంగతి, కేవర్న్ సైజు రోజంతా ఒకేలా ఉండదు, మబ్బు పట్టినా, సాయంత్రమైనా, ఎవరో బురద లేపినా వెలుగు వెనక్కి తగ్గుతుంది, పొద్దున కేవర్న్ అనుకున్న చోటు సాయంత్రానికి కేవ్ అయిపోతుంది. రాత్రి డైవ్‌లో అసలు కేవర్న్ అనేదే లేదు.

సముద్రం అడుగున ఈ గుహలు ఎలా వచ్చాయి?

చాలావరకు ఇవి నీళ్ల కింద పుట్టినవి కావు. సుమారు 20,000 ఏళ్ల కిందట మంచుయుగం మంచి ఊపులో ఉన్నప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందకి ఉండేది, అప్పుడు పాత పగడపు దిబ్బలన్నీ సున్నపురాయి గుట్టల్లా గాలిలోనే ఉన్నాయి. వాన నీళ్లు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారి ఆ రాయిని నెమ్మదిగా కరిగించి గుహలు చేశాయి, మంచు కరిగి సముద్రం పైకొచ్చాక అవే గుహలు మునిగిపోయాయి. దీనికి సాక్ష్యం కళ్లముందే ఉంటుంది, మధ్య అమెరికా దేశం బెలీజ్‌లో సముద్రంలో ఉన్న గుండ్రటి గొయ్యి గ్రేట్ బ్లూ హోల్‌లో దాదాపు 40 మీటర్ల లోతులో పెద్ద పెద్ద స్టాలక్టైట్లు, అంటే పైకప్పు నుంచి దిగే రాతి ఊడలు, వేలాడుతుంటాయి, అవి చుక్క చుక్క కారి గాలిలోనే తయారవ్వాలి, నీళ్లలో తయారవ్వవు. అది సుమారు 300 మీటర్ల వెడల్పు, 120 మీటర్లు పైబడిన లోతు, 1971లో ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు జాక్ కూస్టో అక్కడికి వెళ్లాకే ప్రపంచానికి బాగా తెలిసింది. హవాయి లాంటి అగ్నిపర్వత దీవుల్లో మాత్రం కథ వేరు, అక్కడ లావా పారిన గొట్టాలే గుహలు. అలలు కొట్టి కొట్టి తొలిచినవి కొన్ని ఉంటాయి, అవి సాధారణంగా తక్కువ లోతులోనే ఉంటాయి.

నాకు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఉంది, వెళ్లొచ్చా?

పొట్టిగా, వెడల్పుగా, అవతలి వెలుగు కనిపించే స్విమ్ త్రూ అయితే మంచి గైడ్‌తో వెళ్లొచ్చు, అదీ మీ బయాన్సీ (నీళ్లలో మునగకుండా, పైకి తేలకుండా ఒకే లోతులో నిలవడం) నిలకడగా ఉంటేనే. ఓపెన్ వాటర్ 18 మీటర్ల వరకు, అడ్వాన్స్‌డ్ 30 మీటర్ల వరకు, ఈ రెండూ పైన ఖాళీ ఉన్న నీటికి ఇచ్చిన కార్డులే, పైన రాయి ఉన్న చోటికి కాదు. కేవర్న్‌లోకి వెళ్లాలంటే కేవర్న్ కోర్సు, అంతకంటే లోపలికైతే పూర్తి కేవ్ శిక్షణ. నా అభిప్రాయం అడిగితే, గుహలోకి వెళ్లే ఉద్దేశం లేకపోయినా కేవర్న్ కోర్సు చెయ్యడం దండగ కాదు, బయాన్సీ, ఫిన్ (కాలికి తొడిగే రెక్క) తన్నే పద్ధతి, గాలి లెక్క ఈ మూడూ ఆ కొన్ని రోజుల్లో సర్దుకున్నంతగా మరెక్కడా సర్దుకోవు.

ఫస్ట్ టైమ్ డైవ్, ట్రయల్ డైవ్ వాళ్లకైతే ఒకటే జవాబు: వద్దు. మిమ్మల్ని ఎవరైనా తీస్కెళ్తామన్నా వద్దు.

గైడ్ పక్కనే ఉంటాడు కదా, అంత టెన్షన్ ఎందుకు?

ఈ ఒక్క మాట మీదే చాలా ప్రమాదాలు జరిగాయి. గైడ్ దగ్గర కూడా ట్యాంక్ ఒకటే, అతనిది కూడా ఒక మనిషికి సరిపడే గాలే, బురద లేస్తే అతనికీ కనపడదు, ఇరుకు దారిలో అతను ముందుంటే వెనక్కి తిరిగి మీ దగ్గరకి రావడానికి చోటు కూడా ఉండదు. గుహల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లంతా కొత్తవాళ్లు అనుకోకండి, మామూలు డైవింగ్ నేర్పించే ఇన్‌స్ట్రక్టర్లే గుహ శిక్షణ లేకుండా లోపలికెళ్లి పోయిన కేసులున్నాయి. అమెరికన్ కేవ్ డైవర్ షెక్ ఎక్స్‌లీ 1970ల్లో ఇలాంటి ప్రమాదాలన్నీ పోగేసి చూస్తే మళ్లీ మళ్లీ అవే కారణాలు బయటపడ్డాయి: బయటి దాకా తెగకుండా తాడు లేకపోవడం, తిరిగి రావడానికి సరిపడా గాలి ఉంచుకోకపోవడం, మరీ లోతుకి పోవడం. తర్వాత శిక్షణ లేకపోవడం, సరిపడా లైట్లు లేకపోవడం కూడా ఆ జాబితాలో చేరాయి. గమనించారా, వీటిలో సొరచేపా లేదు, గుహ కూలడమూ లేదు.

గాలి లెక్క ఎలా వేసుకోవాలి? మూడో వంతు రూల్ అంటే ఏంటి?

ఇది కొంచెం పెద్ద జవాబు, ఓపిగ్గా చదవండి. మామూలు 12 లీటర్ల ట్యాంక్ 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత, నీటి పైన గాలి ఒత్తిడి సుమారు ఒక బార్) నింపితే సుమారు 2,400 లీటర్ల గాలి. నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది రెండు గంటలు వస్తుంది. కానీ ప్రతి 10 మీటర్లకీ ఒక బార్ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి 20 మీటర్ల దగ్గర అదే మనిషి నిమిషానికి 60 లీటర్లు లాగుతాడు, అంటే 40 నిమిషాలు, అదీ ట్యాంక్ మొత్తం ఖాళీ చేస్తే.

మూడో వంతు రూల్ ఏంటంటే, లోపలికి వెళ్లడానికి ఒక వంతు, బయటికి రావడానికి ఒక వంతు, మిగతా వంతు ముట్టుకోకూడదు. 200 బార్‌ని మూడుతో భాగిస్తే సరిగ్గా రాదు కాబట్టి కిందకి తగ్గించి 60 అనుకోండి, ట్యాంక్ ఒత్తిడి చూపించే గేజ్ 140 చూపించగానే వెనక్కి తిరగాలి, ఇంకో రెండు మీటర్లు పోతే ఏదో బ్రహ్మాండమైనది కనిపిస్తుందని అనిపించినా సరే. గ్రూపులో ఎవరిది ముందు 140కి వస్తే అందరూ అప్పుడే తిరగాలి.

ఆ మిగిలిన వంతు ఎందుకో చూడండి. సరిగ్గా మీరు తిరిగే చోట, అన్నిటికంటే లోపల ఉన్నప్పుడు, మీ బడ్డీ (జతగా డైవ్ చేసే మనిషి) రెగ్యులేటర్, అంటే ట్యాంక్ గాలిని నోటికి అందించే పరికరం, చెడిపోయి అతని గాలి మొత్తం పోయిందనుకోండి. ఇప్పుడు మీ 140 బార్‌తో ఇద్దరు బయటికి రావాలి, వచ్చేటప్పుడు ఒక్కొక్కరికి 60 చొప్పున 120 పోతుంది, మిగిలేది 20. అదీ ఇద్దరూ ప్రశాంతంగా పీలిస్తే. భయంలో ఎవరూ ప్రశాంతంగా పీల్చరు, మామూలుకి రెండింతలు లాగడం చాలా సహజం. కాబట్టి మూడో వంతు రూల్ అంటే అతిజాగ్రత్త కాదు, అది కనీసం మాత్రమే. సర్జ్ (అలల వల్ల నీళ్లు ముందుకీ వెనక్కీ ఊగడం) ఉన్నా, దారి తెలియకపోయినా, బడ్డీ మీకంటే ఎక్కువ గాలి తాగే మనిషైనా ఇంకా ముందే తిరగండి.

ఇంకో లెక్క కూడా చెప్తా, 60 బార్ చూసి చాలా ఉందిలే అనుకునేవాళ్ల కోసం. 12 లీటర్ల ట్యాంక్‌లో 60 బార్ అంటే 720 లీటర్లు. ఇద్దరు కంగారులో, నీటి పైన ఉంటే నిమిషానికి చెరో 40 లీటర్లు అయ్యే వేగంతో పీలుస్తుంటే 20 మీటర్ల దగ్గర నిమిషానికి 240 లీటర్లు పోతాయి. మూడు నిమిషాలు, అంతే.

వెలుగు కనిపిస్తూనే ఉంది కదా, తాడు ఎందుకు?

ఎందుకంటే ఆ వెలుగు ఎప్పుడు పోతుందో మీ చేతిలో లేదు. గుహ నేల మీద మెత్తటి బురద వందల ఏళ్లుగా కదలకుండా పేరుకుని ఉంటుంది, ఒక్క ఫిన్ తప్పుగా తన్నితే అది జల్లెడ పట్టిన పిండి ఎగిరినట్టు లేచి నీళ్లంతా పట్టేస్తుంది, దీన్నే సిల్ట్ అవుట్ అంటారు. అప్పుడు ఎంత ఖరీదైన టార్చ్ వేసినా ముందున్న తెల్లటి తెరే వెలుగుతుంది, సొంత చేతిలో ఉన్న గేజ్ కూడా కనపడదు, పైగా అది అయిదు నిమిషాల్లో దిగిపోయే రకం కాదు, ప్రవాహం లేని చోటైతే గంటలు పడుతుంది. తాడు ఉంటే చేత్తో పట్టుకుని కళ్లు మూసుకుని కూడా బయటికి రావచ్చు. బయట నీళ్లలో ఒకసారి గట్టిగా కట్టాలి, లోపలికి వెళ్లాక ఇంకోసారి కట్టాలి, మధ్యలో వదులు లేకుండా బిగుతుగా పరుచుకుంటూ వెళ్లాలి, వదులుగా ఉంటే అదే కాళ్లకి చుట్టుకుంటుంది. అందుకే ప్రతి ఒక్కరి దగ్గరా చేతికి అందే చోట కట్టర్ ఉండాలి. ముందే పర్మనెంట్ లైన్ ఉన్న గుహల్లో దాని మీద బాణం గుర్తులు ఉంటాయి, అవి దగ్గరి బయటి దారి వైపు చూపిస్తాయి, లోపలి వైపు కాదు, వాటిని సరదాకి కూడా కదపకండి.

బురద లేపకుండా ఈదడం ఎలా?

ఫ్లట్టర్ కిక్, అంటే మనం మామూలుగా పైకీ కిందకీ కొట్టే తన్ను, గుహలో పనికిరాదు. మోకాళ్లు మడిచి, ఫిన్స్ పైకి ఉంచి, కప్పలా పక్కలకి తోసే ఫ్రాగ్ కిక్ నేర్చుకోవాలి, వెనక్కి ఈదే కిక్ కూడా వస్తే ఇంకా మంచిది. ఒళ్లు నేలకి సమాంతరంగా ఉండాలి, కాళ్లు కిందకి జారే మనిషి ఏ కిక్ వేసినా బురద లేస్తుంది, చాలామందికి అసలు సమస్య కిక్ కాదు, మునగడానికి నడుముకి ఎక్కువ బరువు కట్టుకోవడం. అలాగే పైకప్పు సంగతి కూడా మర్చిపోకండి, మన బుడగలు వెళ్లి పైకప్పుకి తగిలి అక్కడి మట్టిని కూడా రాలుస్తాయి, అక్కడ అతుక్కుని ఉన్న స్పాంజీలకీ చిన్న పగడాలకీ ఆ గాలి తగిలి చచ్చిపోతాయి. అందుకే మీరు ఎంత బాగా ఈదినా పది మంది వరసగా వెళ్తే ఆ గుహకి మంచిది కాదు.

లైట్లు ఎన్ని తీస్కెళ్లాలి?

కేవర్న్‌కి మనిషికి కనీసం రెండు, కేవ్‌కి మూడు. బడ్డీది లెక్కలోకి రాదు. టార్చ్‌తో నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే ఓకే, అడ్డంగా గబగబా ఊపితే ఎమర్జెన్సీ, కాబట్టి ఊరికే అటూ ఇటూ ఊపుతూ చేపల్ని చూపించకండి, ముందున్నవాళ్ల గుండె ఆగుతుంది.

పైకప్పు దగ్గర గాలి గదులు ఉంటాయట, అక్కడ రెగ్యులేటర్ తీసి ఊపిరి పీల్చొచ్చా?

అది ఏ గాలో తెలియనప్పుడు తియ్యకండి. పసిఫిక్ దీవుల దేశం పలావులోని షాండ్లియర్ కేవ్‌లో వరసగా గదులున్నాయి, వాటిలో పైకి తేలి స్టాలక్టైట్ల కింద మాట్లాడుకుంటారు డైవర్లు, అది చాలా ఏళ్లుగా చాలామంది వాడిన చోటు. తెలియని గుహలో మూసుకుపోయిన గదిలో ఆక్సిజన్ తక్కువుండొచ్చు, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుండొచ్చు, కొన్ని చోట్ల అది మన ముందు వెళ్లిన డైవర్లు వదిలిన గాలే. అది చూసి "ఇది మన సేఫ్టీ" అని గాలి లెక్కలో కలుపుకోవడం మాత్రం అస్సలు చెయ్యకూడదు.

ఇంత రిస్క్ చెప్పారు, అసలు లోపల చూడ్డానికి ఏముంటుంది?

చాలా ఉంటుంది, కాకపోతే ఎక్కువ భాగం ముఖద్వారం దగ్గరే ఉంటుంది, జనం ఆత్రంగా లోపలికి దూసుకుపోయి దాన్నే వదిలేస్తారు. గుహ నోట్లోంచి బయటికి తిరిగి చూడండి, నల్లటి చట్రంలో నీలం, అంత నీలం బయట ఎక్కడా దొరకదు. పలావులోనే బ్లూ హోల్స్ అని ఉంది, రీఫ్ పైభాగంలో నాలుగు రంధ్రాలు, వాటిలోంచి దిగితే ఒకే పెద్ద హాలు, మధ్యాహ్నం పూట ఎండ ఆ రంధ్రాల్లోంచి స్తంభాల్లా దిగుతుంది. ఈ ఎండ కిరణాలు కావాలంటే సూర్యుడు నడినెత్తిన ఉండే టైముకి డైవ్ పెట్టమని అడగండి, పక్కకి తెరుచుకున్న గుహ అయితే ఏ వైపుకి తెరుచుకుందో చూసుకుని పొద్దునో సాయంత్రమో.

ఇక గోడల మీద టార్చ్ వెయ్యండి. నీళ్లు ఎరుపు రంగుని మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తాయి కాబట్టి అంతా బూడిద రంగులో కనిపిస్తుంది, లైట్ పడగానే ఎర్రటి స్పాంజీలు, నారింజ రంగు ట్యూబాస్ట్రియా పగడాలు బయటపడతాయి. ఈ పగడానికి ఎండ అక్కర్లేదు, బయటి పగడాల్లాగా దాని ఒంట్లో నాచు ఉండదు, పారే నీళ్లలోంచి ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సన్నటి జీవులు) పట్టుకు తింటుంది, అందుకే చీకట్లో హాయిగా పెరుగుతుంది. పెద్ద కళ్ల ఎర్ర సోల్జర్ ఫిష్, స్క్విరెల్ ఫిష్ పగలంతా గుహలోనే గుంపుగా ఉండి రాత్రికి వేటకి పోతాయి, గ్లాసీ స్వీపర్లు వేలల్లో ఒకేసారి మలుపు తిరుగుతాయి, గుహ చేపల్లో నా ఓటు వాటికే. పగుళ్లలో డిస్కో క్లామ్ అనే ఆల్చిప్ప పెదవి మీద మెరుపు పారినట్టు కనిపిస్తుంది, చాలామంది గైడ్లు అది కరెంటు పుట్టిస్తుందని చెప్తారు, అదేం కాదు, పెదవి అంచున ఉన్న సన్నటి సిలికా గోళాలు మీద పడిన వెలుగునే తిప్పికొడతాయి.

సొరచేపలు లోపల నిద్రపోతాయంట నిజమేనా?

వైట్ టిప్ రీఫ్ షార్కులు, నర్స్ షార్కులు పగలు గుహల నేల మీద పడుకుని ఉండటం మామూలే, ఈదకపోయినా నోటితో నీళ్లు లాగి మొప్పల మీదుగా పంపుకోగలవు. మెక్సికోలోని ఇస్లా ముహేరెస్ దగ్గర గుహలో రీఫ్ షార్కులు కదలకుండా పడుకోవడం 1970ల్లో శాస్త్రవేత్త యూజినీ క్లార్క్ పరిశీలించారు, కళ్లు మాత్రం డైవర్లని గమనిస్తూనే ఉండేవట, కాబట్టి అది నిజంగా నిద్రేనా అన్నది వేరే చర్చ. మనం చెయ్యాల్సిందల్లా గుహ నోటికి అడ్డంగా ఉండకపోవడం, దానికి బయటికి పోయే దారి ఒకటే అయితే ఆ దారిలో మీరు నిలబడకండి. నిజానికి ఎక్కువమందికి తగిలేది సొర కాదు, రాయిలా కూర్చున్న స్టోన్ ఫిష్, లయన్ ఫిష్ ముళ్లు. గుచ్చుకుంటే డైవ్ ఆపి పైకి వచ్చి, చర్మం కాలకుండా తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీల లోపు, గంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది, ఆ తర్వాత డాక్టర్. స్టోన్ ఫిష్ అయితే ఆలస్యం చెయ్యకుండా హాస్పిటల్.

గుహలో తాబేళ్ల అస్థిపంజరాలు ఉంటాయని విన్నాను

మలేషియాలోని సిపదాన్ దీవిలో టర్టిల్ టూంబ్ అని ఉంది, దాదాపు 20 మీటర్ల లోతులో నోరు తెరుచుకున్న గుహ, లోపల తాబేళ్ల ఎముకలు పడి ఉంటాయి. వాటిది స్మశానం, చావడానికే అక్కడికి వెళ్తాయి అని ఒక కథ చెప్తుంటారు, కానీ తాబేలుకీ మనలాగే పైకొచ్చి ఊపిరి తీసుకోవాలి, లోపలికెళ్లి చీకట్లో దారి తప్పి మునిగిపోయాయి అన్నదే సబబైన వివరణ. బతుకంతా దాదాపు నీళ్లలోనే గడిపే జీవికే అలా అయింది.

స్విమ్ త్రూలో నీళ్లు ముందుకీ వెనక్కీ ఊపేస్తున్నాయి, ఏం చెయ్యాలి?

అది సర్జ్, పైన అల నడుస్తున్నప్పుడు కింద నీళ్లు అలా ఊగుతాయి, ఇరుకు దారిలో ఆ ఊపు ఇంకా పెరుగుతుంది. ఎదురు తన్నకండి, గాలి దండగ. వెనక్కి లాగినప్పుడు ఊరికే ఉండి, ముందుకి తోసినప్పుడు దాంతోపాటు ఈదండి. బయట పడవ మీద ఉండగానే అలలు గట్టిగా ఉంటే తక్కువ లోతు గుహలు మానేసి ఇంకో సైటు అడగడం మేలు, లోపల రాళ్లకి కొట్టుకుంటే సూట్ చిరిగేది మొదటి నష్టం మాత్రమే.

ఇరుకు చోట్లంటే భయం, మధ్యలో భయం వేస్తే?

ముందు ఆగండి, ఏదైనా గట్టి రాయిని వేలితో పట్టుకుని మూడు నాలుగు పెద్ద ఊపిర్లు, లోపలికి ఎంతో బయటికి అంతకంటే నిదానంగా. తర్వాత బొటనవేలు పైకి చూపించండి, అంటే డైవ్ అయిపోయింది అని. ఈ సైగ ఎవరు చూపించినా, ఎందుకు చూపించినా, అందరూ తిరగాలి, ఎందుకని పడవెక్కాక కూడా నిలదియ్యకూడదు. అలా నిలదీసే గ్రూపుతో మళ్లీ వెళ్లకండి.

బెలీజ్ గ్రేట్ బ్లూ హోల్‌లో స్టాలక్టైట్లు 40 మీటర్ల దగ్గరంటున్నారు, అంత లోతుకి వెళ్లొచ్చా?

40 మీటర్లు రిక్రియేషనల్ డైవింగ్‌కి ఆఖరి గీత, అక్కడ ఉండగలిగేది కొన్ని నిమిషాలే. 30 దాటాక నైట్రోజన్ మత్తు మొదలవుతుంది, అది వచ్చినట్టు మనకే తెలియదు, అదే దాని ప్రమాదం, గేజ్ చూస్తాం, నంబర్ చదువుతాం, అర్థం మాత్రం ఎక్కదు. నైట్రాక్స్ (మామూలు గాలి కంటే ఆక్సిజన్ ఎక్కువున్న గ్యాస్) ఉంది కదా అంటారు కొందరు, 32 శాతం నైట్రాక్స్‌కి మామూలు హద్దు సుమారు 33 మీటర్లే, 40కి అది తప్పు గ్యాస్. గ్రేట్ బ్లూ హోల్‌లో ఇంకా కిందకి, 90 మీటర్ల ప్రాంతంలో హైడ్రోజన్ సల్ఫైడ్ పొర ఉంటుంది, దాని కింద ఆక్సిజన్ లేదు, ప్రాణీ లేదు. మీకు పగడాలూ చేపలే ఇష్టమైతే నిజాయితీగా చెప్తున్నా, ఆ డైవ్ కంటే ఆ చుట్టుపక్కల రీఫ్ గోడలే నచ్చుతాయి.

కెమెరా తీస్కెళ్లొచ్చా?

తీస్కెళ్లొచ్చు, కానీ మొదటిసారి వెళ్లే గుహకి వద్దు. కెమెరా పట్టుకున్న మనిషి గేజ్ చూడడు. ఎండ కిరణాలు తియ్యాలంటే స్ట్రోబ్ (కెమెరా ఫ్లాష్ లైటు) ఆపేసి షట్టర్ స్పీడ్ పెంచండి, స్ట్రోబ్ వేస్తే నీళ్లలో తేలే ప్రతి రేణువూ మంచు కురిసినట్టు పడుతుంది.

డైవ్ సెంటర్‌ని ముందే ఏం అడగాలి?

లోపలికి ఎంత దూరం, ఎంత లోతు, ఎన్ని బార్ దగ్గర తిరుగుతాం, ఒక గైడ్‌కి ఎంతమంది, తాడు వేస్తారా, గైడ్‌కి గుహ శిక్షణ ఉందా, పడవలో ఆక్సిజన్ ఉందా, దగ్గర్లో రీకంప్రెషన్ చాంబర్ (డైవింగ్ వల్ల వచ్చే జబ్బుకి ఎక్కువ ఒత్తిడిలో ఉంచి చికిత్స చేసే గది) ఎక్కడుంది. వీటికి చిరాకు పడకుండా జవాబు చెప్పేవాళ్లతోనే వెళ్లండి. "నా వెనకే వచ్చెయ్యండి చాలు" అని బ్రీఫింగ్ ముగించేవాళ్లని నేనైతే నమ్మను. మీ డైవ్ ఇన్సూరెన్స్ కూడా చదవండి, సర్టిఫికెట్ పరిధి దాటి చేసిన డైవ్‌కి కొన్ని పాలసీలు డబ్బులివ్వవు.

డైవ్ అయ్యాక ఫ్లైట్ ఎప్పుడు ఎక్కొచ్చు?

డీకంప్రెషన్ స్టాప్ (ఒంట్లో కరిగిన నైట్రోజన్ పోవడానికి పైకి వచ్చే దారిలో ఆగడం) అక్కర్లేని డైవ్ ఒక్కటే చేస్తే కనీసం 12 గంటలు, వరసగా డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు, ఆ స్టాప్‌లు కావాల్సిన డెకో డైవ్ అయితే ఇంకా ఎక్కువ. గుహల్లో నేల ఎగుడుదిగుడు వల్ల పైకీ కిందకీ చాలాసార్లు వెళ్లి ఉంటారు, అది చెవులకీ మంచిది కాదు, నైట్రోజన్ బయటికి పోవడానికీ మంచిది కాదు, కాబట్టి ఆఖరి రోజుకి గుహ డైవ్ పెట్టుకోకుండా ట్రిప్ మొదట్లోనో మధ్యలోనో పెట్టుకోండి, ఆఖరి రోజు పడవ మీద కూర్చుని గేరు ఆరబెట్టుకోవచ్చు.